పుంతదారిలో సైకిలు: టైరెంత, గాలెంత



కోనసీమలో రాయి పుట్టదు. గౌతమికీ వసిష్ఠకీ మధ్య, నడుమ వైనతేయ పాయ చీల్చుకుని వెళ్లే ఈ నేలంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. నుయ్యి తవ్వినా, చేపల చెరువు తవ్వినా బంకమన్నో ఇసకో తగులుతుంది తప్ప బండ తగలదు. కాబట్టి మన దారుల మీద కనిపించే ప్రతి కంకర ముక్కా, ప్రతి ఎర్ర గులకా ఏటి అవతల మెట్ట ప్రాంతం నుంచి లారీ ఎక్కి వచ్చిందే. ఆ ఎర్ర గ్రావెల్‌ని తెచ్చి కాలువ గట్ల మీద, పుంతల్లో, రొయ్యల చెరువుల దారుల్లో పరుస్తారు. పరిచిన ఏడాది బాగానే ఉంటుంది. వానలు పడ్డాక అడుగున ఉన్న నల్లమన్ను నాని, ట్రాక్టరు చక్రం కింద గ్రావెల్ సగం లోపలికి దిగిపోతుంది. వేసవి వచ్చేసరికి ఆ మన్ను బిగుసుకుపోయి, దిగిన రాళ్ల మొనలు మాత్రం పైకి తేలి ఉంటాయి. వాటి మధ్య ట్రాక్టరు గాడి, గాడి పక్కన వదులుగా జారే గులక, ఎక్కడన్నా ఒకచోట పగిలిన సిమెంటు రోడ్డు అంచు. అమలాపురం, రాజోలు, కొత్తపేట తారురోడ్డు దిగి ఏ ఊళ్లోకి మళ్లినా మన సైకిళ్లు తిరిగే నేల ఇదే.

తిరిగేవాళ్లు తక్కువేం లేరు. కొబ్బరి దింపుకి వెళ్లేవాళ్లు, పాలు పోసేవాళ్లు, హైస్కూలుకి వెళ్లే పిల్లలు, లంకల నుంచి అరటి గెలలు కట్టుకుని రావులపాలెం మార్కెట్టుకి వచ్చే రైతులు, ఈమధ్య పొద్దున్నే ఆరోగ్యం కోసం గేర్ల సైకిలు తీసి ఏటిగట్టు ఎక్కే ఉద్యోగస్తులు. వీళ్లలో ఎవరిని అడిగినా చెయిను గురించి చెబుతారు, బ్రేకుల గురించి చెబుతారు. గాలి గురించి మాత్రం అందరిదీ ఒకటే మాట: రాయిలా ఉండాలి.

సైకిలు షాపు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడితే ఈ మాట ఎన్నిసార్లయినా వినపడుతుంది. బడికి పోయే పిల్ల సైకిలు ఆపి, "బాబాయ్, గాలి గట్టిగా కొట్టవా" అంటుంది. ఆయన పంపు ఆపి బొటనవేలితో టైరు నొక్కి, "చాలమ్మా, ఇంక కొడితే పుంతలో ఎగిరెగిరి పడతావు" అంటాడు. ఆ పిల్లకి నమ్మకం కుదరదు. తనూ ఓసారి నొక్కి చూసుకుని, "ఇంకో నాలుగు కొట్టు బాబాయ్" అంటుంది. ఇద్దరిలో షాపాయన మాటే నిజం. ఎందుకు నిజమో చెప్పాలనే ఈ ప్రసంగం.

ముందు గాలి ఏం పని చేస్తోందో చూద్దాం. షాపుల్లో పాయింట్లు అంటారే, అది చదరపు అంగుళం మీద ఇన్ని పౌన్ల ఒత్తిడి అని. పీఎస్ఐ అని టైరు మీద అచ్చు వేసి ఉండేది అదే. ఇప్పుడు 65 కిలోల మనిషి, 20 కిలోల పాతకాలపు సైకిలు, ఓ 5 కిలోల సంచి అనుకోండి. మొత్తం 90 కిలోలు. సీటు వెనక్కి ఉంటుంది కాబట్టి ఇందులో నూటికి దాదాపు అరవై వంతులు వెనక చక్రం మీద పడుతుంది, అంటే 54 కిలోలు, సుమారు 120 పౌన్లు. వెనక టైరులో 60 పాయింట్ల గాలి ఉంటే, ఆ 120 పౌన్లని మోయడానికి టైరు నేలని 2 చదరపు అంగుళాల మేర తాకితే చాలు. 40 ఉంటే 3 చదరపు అంగుళాలు తాకాలి. 30 ఉంటే 4. టైరు గోడ బిగువు కూడా కొంచెం మోస్తుంది గానీ, అసలు లెక్క ఇది. గాలి తగ్గించామంటే టైరు నేల మీద ఎక్కువ మేర పరుచుకుని కూచుంటుంది. గ్రావెల్ మీద పట్టు దొరికేది ఆ పరుచుకున్న జాగాలోనే.

మరి గట్టిగా ఉంటే తేలిగ్గా దొర్లుతుంది కదా అంటారు. నున్నటి తారురోడ్డు మీద ఆ మాట కొంతవరకు నిజం. గతుకుల మీద లెక్క తిరగబడుతుంది. పైకి తేలిన రాయి టైరుకి అడ్డం వచ్చినప్పుడు రెండే జరుగుతాయి. టైరు లోపలికి నొక్కుకుని రాయిని తనలో కలుపుకుని పోవాలి, లేదా సైకిలూ మనిషీ కలిసి ఆ రాయంత ఎత్తు పైకి లేవాలి. గట్టి టైరు నొక్కుకోదు. 90 కిలోల బరువు రాయి రాయికీ లేచి పడుతుంది. ఆ లేపే శక్తి మీ కాళ్లదే. పడ్డప్పుడు అది తిరిగి రాదు, మీ నడుములో, భుజాల్లో, అరచేతుల్లో అదురుగా మారి పోతుంది. అమెరికాలో ఫ్రాంక్ బెర్టో అనే ఇంజినీరు టైరు బరువుకి ఎంత నొక్కుకోవాలో కొలిచి, ఎత్తులో నూటికి 15 వంతులు కుంగితే బాగుంటుందని పట్టిక వేశాడు. తర్వాత యాన్ హైనే అనే పత్రికా సంపాదకుడు హైవే పక్కన డ్రైవర్లని మేలుకొలపడానికి వేసే గరుకు గాళ్ల మీద సైకిలు తొక్కించి, గట్టి టైర్లు అలాంటి నేల మీద ఎంత శక్తి తినేస్తాయో కొలిచాడు. పుంతలో సాయంత్రం దాకా తిరిగినవాళ్లకి చేతులు తిమ్మిరెక్కడం ఎందుకో ఆ కొలతలు చెబుతాయి.

అసలు గాలి టైరు పుట్టిందే అదురు తగ్గించడానికి. రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు ఇంజినీరు 1845లో గుర్రపు బండ్ల కోసం దానికి పేటెంటు తీసుకున్నాడు, అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 1888లో ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల సైకిలు గరుకు నేల మీద అదురుతోందని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. అప్పటిదాకా సైకిళ్లకి ఉన్నది గట్టి రబ్బరు పట్టీ. మరుసటి ఏడాది, 1889లో, బెల్‌ఫాస్ట్ కాలేజీ పోటీల్లో విల్లీ హ్యూమ్ ఆ గాలి టైర్లతో పందేలు గెలిచాక గానీ అది వేగానికి కూడా పనికొస్తుందని లోకానికి తెలియలేదు. ముందు ఒంటికి సుఖం, ఆ సుఖంలోంచే వేగం. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయిందని మనకి తెలుసు. అంటే కాటన్ దొర కాలువలు సైకిలు గాలి టైరు కన్నా పాతవి. ఆ గట్ల మీద నడిచింది పడవలు లాగేవాళ్ల పాదాలు, ఎడ్లబండ్లు. లొల్ల లాకుల దగ్గర చీలి అమలాపురం వైపూ గన్నవరం వైపూ పోయే కాలువల గట్ల మీద ఈనాడు సైకిలు తొక్కుతున్నామంటే, సైకిలు కోసం కట్టని దారి మీద తొక్కుతున్నామన్నమాట. ఆ దారికి తగ్గట్టు మార్చుకోవలసింది మన టైరే.

ఇక్కడ ఒక సంతోషకరమైన సంగతి చెప్పాలి. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊళ్లో 2006 నుంచి గ్రావెల్ దారుల మీద సైకిలు పందెం జరుగుతోంది. ఇప్పుడు దాన్ని అన్‌బౌండ్ అంటున్నారు. అలాంటి పందేలతో ప్రపంచమంతా గ్రావెల్ సైకిళ్ల మోజు పాకింది. లక్షలు పోసి కొనే ఆ సైకిళ్లకి వేసే టైర్లు చాలావరకు 40 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పువి. మన పాలాయన సైకిలుకి ఉన్న 28 ఒకటిన్నర టైరు వెడల్పెంత? 38 నుంచి 40 మిల్లీమీటర్లు. మన తాతలు కొన్న నల్ల సైకిలు ఆ టైరుతోనే వచ్చింది. సన్న టైరు సైకిలు చూసి ముచ్చటపడి పుంతలోకి తెచ్చుకున్నవాళ్ల కన్నా, పాత సైకిలుని ఒంటి మీద గుడ్డతో తుడుచుకుని వాడుకుంటున్న రైతు చేతిలోనే సరైన సరుకుంది. ఇది పాత రోజుల మీద మమకారంతో అంటున్న మాట కాదు, కొలబద్ద పెట్టి చూసిన మాట.

వెడల్పు టైరులో ఇంకో గుణముంది. టైరు ఎంత లావుగా ఉంటే అదే ఒత్తిడి దగ్గర దాని గోడ అంత ఎక్కువ బిగుసుకుంటుంది. అందుకే సన్న టైరుకి 80 పాయింట్లు అవసరమైతే లావు టైరుకి 35 చాలు, రెండూ చేతికి ఒకేలా గట్టిగా తగులుతాయి. బొటనవేలితో నొక్కి చూసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మీ సైకిలు మీద అలవాటైన వేలు పక్కవాడి సైకిలుకి పనికిరాదు.

ఇప్పుడు కొలతలు చెబుతాను. వీలుంటే కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

టైరు కొనేటప్పుడు షాపులో 28 అనో 26 అనో అడుగుతాం. ఆ ఒక్క అంకెతో సరిపోదు. సైకిలు 22 అంగుళాలు, 24 అంగుళాలు అంటామే, అది ఫ్రేము ఎత్తు, టైరుకి దానితో సంబంధం లేదు. టైరు పక్కగోడని వెలుతురులో తిప్పి చూడండి. మధ్యలో చిన్న గీత పెట్టి రెండు అంకెలు ఉంటాయి. 40-635 అని ఉందనుకోండి, 40 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 635 రిమ్ము మీద టైరు కూచునే చోట వ్యాసం. మన నల్ల సైకిలుది ఆ 635. గేర్ల సైకిళ్లకి 700 అని రాసి ఉండే టైరుది 622. అందులో కొన్నింటి మీద కూడా 28 అని ఉంటుంది. తేడా 13 మిల్లీమీటర్లే అయినా ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. 26లో అయితే తికమక మరీ ఎక్కువ. 26 ఒకటి పాయింటు తొమ్మిదైదు, అంటే 1.95 అని ఉన్న లావు టైరుది 559. 26 ఒకటిన్నర అని ఉన్నదానిది 584. లేడీస్ సైకిళ్లకి వచ్చే 26 ఒకటీ మూడు బై ఎనిమిదిది 590. పేరుకి మూడూ 26లే. అమెరికాలో షెల్డన్ బ్రౌన్ అనే మెకానిక్కు ఉండేవారు, 2008లో పోయారు. ఆయన చెప్పిన గుర్తు మంచిది: దశాంశంలో రాసిన కొలతా, భిన్నంలో రాసిన కొలతా లెక్కకి సమానమైనా టైర్లు ఒకదానికొకటి సరిపోవు. కాబట్టి షాపుకి వెళ్లేటప్పుడు పాత టైరు మీది గీత అంకెలు రాసుకుని వెళ్లండి. పాత టైరే పట్టుకెళ్తే మరీ మంచిది.

ఎంత వెడల్పు పట్టుకుంటుందో సైకిలే చెబుతుంది. ఫోర్కుకీ టైరుకీ, మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య చిటికెనవేలు దూరాలి. ఎండాకాలానికి అది చాలు. వానాకాలం నల్లమట్టి గట్టు మీద తిరగాలంటే బొటనవేలు దూరాలి. ఆ మట్టి సంగతి మీకు చెప్పక్కర్లేదు, నాలుగు బారలు నడిచేసరికి టైరుకి దళసరిగా అంటుకుని మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. దానికి ఏ టైరూ, ఏ గాలీ మందు కాదు. జాగా ఉండటమొక్కటే మందు. రాడ్డు బ్రేకుల పాత సైకిలుకి ఇక్కడా ఒక సుఖముంది. బ్రేకు కట్ట రిమ్ము లోపలి అంచున, పుల్లల వైపు ఒత్తుతుంది కాబట్టి టైరు లావు దానికి అడ్డురాదు.

గాలి లెక్కకి వద్దాం. నేను చెప్పేవి 65 కిలోల మనిషికి, బరువు లేకుండా తిరిగే సైకిలుకి. 28 ఒకటిన్నర టైరుకి తారు, సిమెంటు రోడ్డు మీద వెనక 50, ముందు 40. పుంతలో, గ్రావెల్ మీద వెనక 42 నుంచి 45, ముందు 33 నుంచి 35. 26 ఒకటి పాయింటు తొమ్మిదైదు టైరుకి గ్రావెల్ మీద వెనక 35, ముందు 28. రెండంగుళాలు దాటిన టైరయితే ఇంకో 3 పాయింట్లు తగ్గించవచ్చు. గేర్ల సైకిళ్ల 700 ముప్ఫయ్యైదు టైరుకి వెనక 50 నుంచి 55, ముందు 42 నుంచి 45. మనిషి బరువు 10 కిలోలు ఎక్కువైతే వెనక 5, ముందు 3 కలపండి, తక్కువైతే అంతే తీసేయండి. బడిపిల్లలు 40 కిలోలు కూడా ఉండరు, వాళ్ల సైకిలుకి పెద్దవాళ్లంత గాలి కొట్టడం వాళ్ల నడుముకి శిక్షే. ఆ పిల్లకి షాపాయన చెప్పింది అక్షరాలా అదే.

టైరు పక్కన రాసి ఉండే గరిష్ఠ ఒత్తిడి, ఆ టైరు తట్టుకునే హద్దు మాత్రమే, అంత కొట్టమని సలహా కాదు. కిందికీ ఒక హద్దుంది. కనిష్ఠం రాసి ఉంటే దాని కన్నా కిందికి దిగకండి. పాత ఇనుప రిమ్ముల మీద 30 కన్నా బాగా తగ్గిస్తే, బ్రేకు పట్టినప్పుడల్లా టైరు రిమ్ము మీద కొంచెం కొంచెం జరుగుతుంది. టైరుతోపాటు ట్యూబూ జరుగుతుంది, వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. వాల్వు నిటారుగా లేక పక్కకి వాలి కనిపిస్తే అర్థం ఇదే. రెండు రోజులు పట్టించుకోకపోతే వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది, అక్కడ ప్యాచీ పడదు. గాలి పూర్తిగా తీసి, టైరుని చేత్తో వెనక్కి జరిపి, వాల్వు నిలబెట్టి మళ్లీ కొట్టాలి.

కొలిచే మీటరు లేదే అంటారా. మన సైకిళ్లలో ఎక్కువ భాగానికి ఉన్నది చిన్న రబ్బరు తొడుగు వేసే వాల్వు. దానికి మీటరు పెట్టినా సరైన అంకె రాదు, లోపలి గాలి ఆ తొడుగు దాటి బయటికి రాదు కాబట్టి. ట్యూబు మార్చే రోజు వచ్చినప్పుడు మోటారు సైకిలు రకం వాల్వున్న ట్యూబు మీ కొలతలో దొరికితే వేయించుకోండి, రిమ్ము రంధ్రం సాధారణంగా సరిపోతుంది. అప్పుడు పెట్రోలు బంకులో మీటరూ పనికొస్తుంది. బంకు గాలి పెట్టించుకునేటప్పుడు మాత్రం చిన్న చిన్నగా కొట్టించుకోండి. లారీ టైరుకని పెట్టిన యంత్రం సైకిలు ట్యూబుని రెప్పపాటులో నింపేస్తుంది.

మీటరు లేకుండా కుదిరే పద్ధతి ఒకటుంది. ఇంటి ముందు అరుగో, సిమెంటు గచ్చో ఉంటే చాలు. వెనక టైరుని బకెట్టు నీళ్లతో తడపండి. గోడ పట్టుకుని సైకిలెక్కి, మీ మామూలు సంచితో సహా, పొడి గచ్చు మీద కదలకుండా కూచోండి. ఎవరినైనా టైరు నేలని తాకిన చోట ముందూ వెనకా సుద్దతో గీత గీయమనండి. దిగి కొలిస్తే, 28 ఒకటిన్నర టైరుకి 40 పాయింట్ల దగ్గర ఆ తడి మచ్చ పొడవు సుమారు 8 సెంటీమీటర్లు, వెడల్పు మధ్యలో 3 సెంటీమీటర్లు రావాలి. మచ్చ 5, 6 సెంటీమీటర్లే ఉందంటే గాలి ఎక్కువుంది. 10 దాటిందంటే పుంతలో రిమ్ము రాయికి కొట్టుకుంటుంది. ఒకసారి సరిగ్గా కుదిరాక బొటనవేలితో నొక్కి ఆ మెత్తదనం గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత వేలే మీటరు. మీ ఇంటి పంపుతో ఖాళీ టైరుకి ఎన్ని తోపులు పట్టాయో లెక్క రాసుకున్నా మంచిదే.

నేలని బట్టి చిన్న మార్పులున్నాయి. వదులు గులక మలుపులో గాలి కన్నా నడక ముఖ్యం: మలుపుకి ముందే బ్రేకు పట్టేసి, మలుపులో వదిలేయాలి. పరిచిన కొత్త కంకర, తారు ఇంకా పడని మెటల్ రోడ్డు మీద గాలి తగ్గించకండి, ఆ నల్లరాతి అంచులు పదును, పక్కగోడని కోస్తాయి. సముద్రం ఒడ్డు ఊళ్ల సంగతి వేరు. అంతర్వేది, ఓడలరేవు వైపు దారులు ఇసకలోకి దిగుతాయి. అక్కడ 28 ఒకటిన్నర టైరుతో పట్టుదలకి పోవద్దు, దిగి నడిపించడమే. రెండంగుళాల టైరు ఉన్నవాళ్లు 20, 22 పాయింట్లకి తగ్గించి మెల్లగా సాగవచ్చు, తారురోడ్డు ఎక్కగానే మళ్లీ కొట్టుకోవాలి. నాలుగంగుళాల లావు టైర్ల సైకిళ్లు మంచు మీదా ఇసక మీదా తిరగడానికి పుట్టాయి, వాటికి 10 పాయింట్లు కూడా ఎక్కువే. బీచి దాకా రోజూ వెళ్లేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి ఆ బరువు దండగ. ఉప్పునీటి చెరువుల గట్ల మీద తిరిగి వచ్చాక మంచినీళ్లతో రిమ్ములు, పుల్లలు కడిగితే తుప్పు కొంత ఆగుతుంది.

టైరు పైన అచ్చు గురించి అందరూ అడుగుతారు. బొడిపెలు పెద్దవైతే పట్టు ఎక్కువని అనుకుంటాం. నల్లమట్టిలో ఆ బొడిపెల సందులు నిమిషంలో నిండిపోయి నున్నటి చక్రమే మిగులుతుంది. తారు మీద అవి రొద చేస్తాయి, కాళ్లని లాగుతాయి. గట్టి నేలా గ్రావెలూ కలిసిన మన దారులకి మధ్యలో దగ్గర దగ్గరగా చిన్న గళ్లు, పక్కల కాస్త ఎత్తు గళ్లు ఉన్న టైరు మేలు. అది దొరక్కపోతే పాత సైకిలు గీతల టైరుకి వంకేం లేదు. అచ్చుకి ఇచ్చే డబ్బు వెడల్పుకి ఇవ్వండి.

కొత్త టైరు ఒక్కటే కొంటే దాన్ని వెనక వేయించడం మన అలవాటు, అరిగేది వెనకదే కాబట్టి. అలా చేయకండి. వెనక టైరు జారితే సైకిలు వంకర పోతుంది, కాలు ఆనించవచ్చు. ముందు టైరు జారినా, పేలినా మనిషి నేరుగా కింద పడతాడు. కొత్తది ముందుకి, ముందుది వెనక్కి. వెనకదాన్ని నూలు పోగులు తేలేదాకా ఆఖరి వరకూ అరగదీయండి, ఫరవాలేదు. ముందు చక్రానికి మాత్రం పక్కగోడ పగుళ్లు కనిపించిన రోజే సెలవివ్వండి.

అరటి గెలల సైకిళ్ల దగ్గరికి వద్దాం, ఎందుకంటే పైన చెప్పిన మెత్తటి గాలి సలహా వాళ్లకి వర్తించదు. క్యారేజీ మీద 50 కిలోలు కడితే, ఆ బరువంతా దాదాపు వెనక చక్రం మీదే పడుతుంది. తొక్కేవాడి వంతు కలిపితే వెనక చక్రం 100 కిలోలు మోస్తోందన్నమాట. 40 పాయింట్ల గాలి మీద ఆ బరువు పడితే టైరు 5 చదరపు అంగుళాలకి పైగా పరుచుకోవాలి, అంటే రిమ్ము నేలకి బాగా దగ్గరికి దిగుతుంది. కాబట్టి బరువు కట్టేముందే వెనక టైరుని పక్కన రాసి ఉన్న గరిష్ఠం దాకా నింపాలి. ముందు టైరుని మామూలుగానే ఉంచాలి, అది గట్టిపడితే గతుకుల్లో ఎగిరి పట్టు తప్పుతుంది. ఏటిగట్టు దిగుడులో తొక్కకుండా తోసుకుంటూ దింపేవాళ్లని చూస్తుంటాం. వాళ్లది పిరికితనం కాదు, టైరుకీ పుల్లలకీ ఉన్న తాహతు తెలిసిన తెలివి. సరుకు దింపి ఖాళీ సైకిలుతో తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ గాలి అలాగే ఉంచుకుని గట్టంతా ఎగిరి పడుతూ రావక్కర్లేదు. వాల్వు మర కాస్త వదులు చేసి నాలుగైదు బుస్సులు వదిలితే దారి సుఖం.

ఎండ సంగతి. రోహిణి కార్తెలో ఎండలో పెడితే ట్యూబు పేలిపోతుందని భయపడతాం. పొద్దున్నే 27 డిగ్రీల దగ్గర 40 పాయింట్లు కొట్టిన టైరు, మధ్యాహ్నం ఎండలో 57 డిగ్రీలకి కాగినా ఒత్తిడి 45, 46 దాకానే పెరుగుతుంది. బాగున్న టైరుకి అదొక లెక్క కాదు. ఎండకి నిజంగా పాడయ్యేవి రెండు: పాత ప్యాచీ జిగురు, వాల్వు రబ్బరు తొడుగు. రాత్రికి రాత్రి గాలి దిగిపోయిందంటే ట్యూబు విప్పించే ముందు ఆ తొడుగు మార్చి చూడండి. చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది. రెండు తొడుగులు జేబులో వేసుకు తిరిగితే ఖర్చేమీ లేదు.

ఇక పంక్చర్. షాపాయన ట్యూబుని నీళ్ల బేసినులో ముంచి బుడగలు చూసి, చిల్లు దొరకగానే ప్యాచీ వేసేస్తాడు. అక్కడ ఒక్క నిమిషం ఆగి చిల్లు ఎలా ఉందో మీరూ చూడండి. టైరు వైపు ఒకే చిన్న చుక్క ఉంటే ముల్లు. ఇసక దారుల్లో పల్లేరు కాయ, కాలువ గట్ల మీద సర్కారు తుమ్మ. దీనికి గాలి ఎక్కువ తక్కువలతో పని లేదు. ముల్లు ఇంకా టైరులోనే దాక్కుని ఉండవచ్చు, గుడ్డ ముక్క పట్టుకుని టైరు లోపలంతా తుడిస్తే అది గుడ్డకి తగులుతుంది. ఉత్త వేలు పెట్టి తడమకండి. పక్కపక్కన వేలెడు ఎడంతో రెండు చీలికలుంటే ముల్లు కాదు. రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగిందన్నమాట. గాలి మరీ తక్కువైంది, లేదా టైరు మీ బరువుకి సన్నదైంది. ప్యాచీ రెండింటికీ వేయించుకుని 5 పాయింట్లు పెంచండి. మళ్లీ అదే జరిగితే ఈసారి ఒక సైజు లావు టైరు కొనండి. ఇంక మూడోది, చిల్లు రిమ్ము వైపు, లోపలి పక్కన ఉంటే తప్పు దారిదీ కాదు, గాలిదీ కాదు. రిమ్ము టేపు జరిగి పుల్ల తల ట్యూబుని పొడుస్తోంది. టేపు మార్చించకుండా ఎన్ని ప్యాచీలు వేయించినా వారం తిరక్కుండానే మళ్లీ షాపు మెట్లు ఎక్కాల్సిందే.